ప్రజాప్రతినిధుల లేఖలకు ప్రభుత్వ శాఖల జవాబు

ఎన్నికైన ప్రతినిధి తన నియోజకవర్గ ప్రజల తరఫున మంత్రికో శాఖకో రాసిన లేఖకు ఎన్నాళ్ళలో జవాబు రావాలి, వాస్తవంగా ఎన్నాళ్ళలో వస్తోంది, రాకపోతే ఏమవుతుంది అన్న సంగతులు పార్లమెంటరీ పాలనలో ముఖ్యమైనవే అయినా పెద్దగా చర్చకు రావు. సభలో అడిగే ప్రశ్నలు రికార్డులో నిలుస్తాయి, పత్రికల్లో వస్తాయి. లేఖ సభ వెలుపల, ఫైళ్ళ మధ్య నడిచే వ్యవహారం. అయినా పింఛను ఆగిపోయిన విశ్రాంత ఉద్యోగికీ, పాస్‌పోర్టు చిక్కుల్లో పడిన కుటుంబానికీ, రైలు ఆగని ఊరికీ పార్లమెంటుతో ఉండే సంబంధం చాలావరకు ఈ లేఖ ద్వారానే ఏర్పడుతుంది. ఈ విషయంలో భారతదేశానికి స్పష్టమైన లిఖిత గడువులు ఉన్నాయి. బ్రిటన్‌కు గడువులతోపాటు శాఖలవారీగా లెక్క ప్రకటించే అలవాటు ఉంది. రెండుచోట్లా తేలిందేమిటంటే, లేఖ శాఖ గడప దాటి బయటికి వెళ్ళిన తేదీని లెక్కించడం సులువు, అందులో అడిగినదానికి సమాధానం ఉందో లేదో లెక్కించడం కష్టం.

లేఖకున్న బలం

సభలో ప్రశ్న వేయడానికి హద్దులున్నాయి. లోక్‌సభలో ఒక రోజు జాబితాలో 20 నక్షత్రపు గుర్తు ప్రశ్నలకూ, 230 గుర్తులేని ప్రశ్నలకూ మాత్రమే చోటు. రాజ్యసభలో ఆ సంఖ్యలు 15, 160. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఎవరి ప్రశ్న వస్తుందో లాటరీ తేల్చాలి. సమావేశాలు లేని నెలల్లో ఆ దారే ఉండదు. పైగా ఒక్క మనిషి పింఛను సంగతి సభలో ప్రశ్నగా నిలవడం కష్టం. లేఖకు ఈ అడ్డంకులేవీ లేవు. ఏడాది పొడవునా రాయవచ్చు, ఎంత చిన్న విషయమైనా రాయవచ్చు, ఎన్నైనా రాయవచ్చు.

పౌరుడు నేరుగా శాఖకు రాస్తే కింది స్థాయిలోనే జవాబు తయారై వెళ్ళిపోతుంది. అదే విషయం ఎంపీ ద్వారా వస్తే ఫైలు మంత్రి సంతకం దాకా వెళ్ళాలి. కింద ఒకరు తీసుకున్న నిర్ణయాన్ని పైన ముగ్గురు నలుగురు మళ్ళీ చూడక తప్పదు. ఆ చూపులోనే ఒక్కోసారి తప్పు బయటపడి, నిర్ణయం మారుతుంది. లేఖకున్న అసలు బలం ఇదే. ఆలస్యానికి మూలం కూడా ఇదే. సంతకం ఎంత పైన ఉంటే ఫైలు అన్ని బల్లలు ఎక్కి దిగాలి. బ్రిటిష్ రాజనీతి శాస్త్రవేత్త ఫిలిప్ నార్టన్ 1982లోనే ఎంపీ, మంత్రి మధ్య ఉత్తర ప్రత్యుత్తరాల ప్రాధాన్యం గురించి ప్రత్యేకంగా రాశాడు. సభా కార్యక్రమాల మీద వచ్చిన పరిశోధనతో పోలిస్తే ఈ రంగంలో జరిగిన పని ఇప్పటికీ తక్కువే.

బ్రిటన్: లెక్క చెప్పే అలవాటు

బ్రిటన్‌లో 650 మంది దిగువసభ సభ్యులూ, ప్రభువుల సభ సభ్యులూ శాఖలకు రాసిన లేఖలు ఎన్ని వచ్చాయి, ఎన్నింటికి గడువులోగా జవాబు వెళ్ళింది అన్న వివరాలను క్యాబినెట్ ఆఫీసు సేకరించి పార్లమెంటు ముందు పెడుతుంది. ఏడాదికోసారి వచ్చే ఈ పట్టికలో ప్రతి శాఖ ఎదుటా అది పెట్టుకున్న గడువు, వచ్చిన లేఖల సంఖ్య, గడువులోగా ఇచ్చిన జవాబుల శాతం ఉండేవి. ఇటీవలి కాలంలో మూడు నెలలకోసారి కూడా వివరాలు వెలువడుతున్నాయి. 20 పనిదినాలు అన్ని శాఖలకూ పైహద్దు. కొన్ని శాఖలు తమంతట తాము అంతకంటే తక్కువ గడువు పెట్టుకున్నాయి. సమాచార స్వేచ్ఛ చట్టం కింద పౌరుడి దరఖాస్తుకు కూడా అక్కడ 20 పనిదినాలే గడువు. తేడా ఏమిటంటే దరఖాస్తు గడువు చట్టంలో ఉంది, ఎంపీ లేఖ గడువు మార్గదర్శకంలో ఉంది.

ఈ పట్టికలు చదవడానికి కొంత ఓర్పు కావాలి. ఏటా కొన్ని వందల లేఖలు మాత్రమే అందుకునే చిన్న శాఖ నూటికి తొంభైకి పైగా గడువులో ముగించడం గొప్ప కాదు. హోం శాఖ, ఆరోగ్య శాఖ, పని-పింఛన్ల శాఖ వంటివి వేలకు వేలు అందుకుంటాయి, వాటిలో ఎక్కువ భాగం ఒక్కొక్క వ్యక్తి కేసు. వీసా ఎందుకు ఆగిందో చెప్పాలంటే ఆ మనిషి ఫైలు తెప్పించి చదవాలి. విధానం గురించిన లేఖకు సిద్ధంగా ఉన్న పేరా సరిపోతుంది. అందుచేత రెండు శాఖల శాతాలను పక్కపక్కన పెట్టి ఒకటి చురుకైనది, ఒకటి బద్ధకమైనది అని తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఒకే శాఖ ఈ ఏడాది, నిరుడు ఎలా ఉందో చూసుకోవడమే ఆ పట్టికలకు సరైన ఉపయోగం.

కరోనా కాలంలో ఈ వ్యవస్థ బాగా దెబ్బతింది. 2020లో ఆరోగ్య శాఖకు వచ్చిపడిన ఉత్తరాలకు నెలల తరబడి జవాబులు లేవు. సభలో సభ్యులు పదేపదే ఫిర్యాదు చేశారు, స్పీకర్ లిండ్సే హోయల్ మంత్రులను పలుమార్లు మందలించారు. ఈమెయిల్ వచ్చాక మరో మార్పు జరిగింది. ఉద్యమ సంస్థలు ఒకే పాఠాన్ని వేలమంది చేత తమ ఎంపీకి పంపిస్తాయి, ఎంపీ కార్యాలయం దాన్ని శాఖకు పంపుతుంది. సంఖ్య పెరిగి అసలైన కేసులు ఆ రాశిలో కలిసిపోతాయి.

ఆలస్యం ప్రాణాల మీదికి వచ్చిన సందర్భం 2021 ఆగస్టులో కాబూల్ పతనం. అఫ్ఘానిస్తాన్‌లో చిక్కుకున్నవారి తరఫున వారి బంధువులు తమ ఎంపీలకు, ఎంపీలు విదేశాంగ శాఖకు రాత్రింబవళ్ళు రాశారు. ఆ విభాగంలో పనిచేసిన ఒక యువ అధికారి పార్లమెంటు విదేశాంగ వ్యవహారాల కమిటీకి ఇచ్చిన లిఖితపూర్వక సాక్ష్యం ఆ ఏడాది డిసెంబరులో బయటికి వచ్చింది. వేల ఈమెయిళ్ళు ఎవరూ చదవకుండా ఉండిపోయాయనీ, ఆ తరువాత వాటిని తెరిచారే తప్ప చర్య తీసుకోలేదనీ, చదవని ఉత్తరాలేవీ లేవని ఎంపీలకు చెప్పుకోవడానికే అలా తెరిచారని తాను నమ్ముతున్నాననీ అందులో రాశాడు. 2022 మేలో కమిటీ ఇచ్చిన నివేదిక మొత్తం ఉపసంహరణ నిర్వహణనే తీవ్రంగా తప్పుపట్టింది. పెండింగు సంఖ్యను సున్నా చేయడమే లక్ష్యమైతే ఏం జరగగలదో ఆ సాక్ష్యం చూపించింది. గడువుల గురించి మాట్లాడే ప్రతి ప్రభుత్వమూ దాన్ని ఒకసారి చదవడం అవసరం.

ఎంపీ లేఖకు సభా రక్షణ ఉందా అన్న ప్రశ్న కూడా బ్రిటన్‌లోనే తలెత్తింది. 1957 ఫిబ్రవరిలో లేబర్ సభ్యుడు జార్జ్ స్ట్రాస్ లండన్ విద్యుత్ బోర్డు పాత కేబుళ్ళ అమ్మకాన్ని విమర్శిస్తూ మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్‌కు లేఖ రాశాడు. మంత్రి దాన్ని బోర్డుకు పంపాడు. బోర్డు పరువునష్టం దావా వేస్తామని సభ్యుణ్ణి బెదిరించింది. సభా హక్కుల కమిటీ ఆ లేఖ పార్లమెంటు కార్యకలాపంలో భాగమేనంది. సభ మాత్రం 1958 జులై 8న 218 - 213 ఓట్లతో, అయిదే ఓట్ల తేడాతో, ఆ అభిప్రాయాన్ని తిరస్కరించింది. అంటే సభలో అన్న మాటకున్న పూర్తి రక్షణ మంత్రికి రాసిన లేఖకు లేదన్నమాట. మరోవైపు 1967 నాటి పార్లమెంటరీ కమిషనర్ చట్టం ప్రకారం ప్రభుత్వ శాఖల మీద ఫిర్యాదు అంబుడ్స్‌మన్‌కు చేరాలంటే ఎంపీ ద్వారానే వెళ్ళాలి. లేఖ రాసే ప్రతినిధిని పౌరుడికీ యంత్రాంగానికీ మధ్య చట్టమే నిలబెట్టిన సందర్భమిది.

భారతదేశం: పదిహేను రోజులు, మరో పదిహేను రోజులు

భారత కేంద్ర ప్రభుత్వంలో ఎంపీ లేఖను వీఐపీ రెఫరెన్సు అంటారు. దీనికి సంబంధించిన నియమాలు రెండుచోట్ల ఉన్నాయి. మొదటిది కేంద్ర సచివాలయ కార్యాలయ విధాన కరదీపిక. రెండోది సిబ్బంది, శిక్షణ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు. పార్లమెంటు, శాసనసభల సభ్యులతో అధికారులు ఎలా మెలగాలో 1974లో చెప్పిన సూచనలను అనేక మార్పులతో కలిపి ఆ శాఖ 2011 డిసెంబరు 1న ఒకే పత్రంగా వెలువరించింది.

వాటి సారాంశం ఇది. సభ్యుడి లేఖ అందినట్టు 15 రోజుల్లో తెలపాలి, తరువాతి 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆలస్యమయ్యేట్టున్నా, మరో శాఖ నుంచి సమాచారం రావలసి ఉన్నా, తుది జవాబు ఎప్పటికి ఇవ్వగలరో చెబుతూ పదిహేను రోజుల్లో మధ్యంతర జవాబు పంపాలి. లేఖ పొరపాటున తమకు వస్తే వారంలోగా సరైన శాఖకు బదిలీ చేసి ఆ సంగతి సభ్యుడికి తెలియజేయాలి. మంత్రికి రాసిన లేఖకు వీలైనంతవరకు మంత్రే జవాబివ్వాలి, కాకపోతే కార్యదర్శి. మామూలు విషయాల్లో కూడా అండర్ సెక్రటరీ కంటే కింది స్థాయి అధికారి సంతకం చేయకూడదు. ముందుగా అచ్చువేసి పెట్టుకున్న నమూనా జవాబులు వాడకూడదు. సభలో అడిగితే నిరాకరించేంత గోప్యమైనది తప్ప, సభ్యుడు అడిగిన సమాచారం ఇవ్వాలి. అభ్యర్థన కుదరనప్పుడు కారణం చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం మరొకటుంది: అధికారి సభ్యుడి మాటను మర్యాదగా, ఓపికగా వినాలి, కానీ నిర్ణయం మాత్రం నిబంధనల ప్రకారం తన విచక్షణతోనే తీసుకోవాలి. ఈ ఒక్క వాక్యంలో ప్రతినిధి హక్కూ, అధికారి బాధ్యతా రెండూ సరైన చోట ఉన్నాయి.

సంయుక్త కార్యదర్శి పేషీలో ఎంపీ లేఖలకు వేరే రిజిస్టరు, సెక్షన్‌లో ఇంకొకటి పెట్టాలని కూడా కరదీపిక చెబుతుంది. ఈ-ఆఫీసు వచ్చాక చాలా శాఖల్లో ఆ రిజిస్టర్లు కంప్యూటర్ తెర మీదికి మారాయి. ఏ లేఖ ఏ బల్ల మీద ఎన్ని రోజులుగా ఉందో ఇప్పుడు చూడాలనుకున్న అధికారికి ఒక్క క్షణంలో తెలుస్తుంది.

మరి ఆలస్యం ఎక్కడ? రైల్వేను తీసుకుంటే బాగా అర్థమవుతుంది. ఒక ఎంపీ తన నియోజకవర్గంలోని ఒక స్టేషన్‌లో ఫలానా ఎక్స్‌ప్రెస్ ఆగాలని రైల్వే మంత్రికి డీవో (డెమీ అఫీషియల్) లేఖ రాశారనుకుందాం. మంత్రి పేషీలో నంబరు పడి లేఖ రైల్వే బోర్డుకు వెళ్తుంది. బోర్డు దగ్గర ఆ స్టేషన్ లెక్కలు ఉండవు. దక్షిణ మధ్య రైల్వే పరిధిలోదైతే సికింద్రాబాద్‌లోని జోనల్ కార్యాలయానికి, అక్కడినుంచి సంబంధిత డివిజన్‌కు నివేదిక కోరుతూ వెళ్తుంది. డివిజన్‌లో వాణిజ్య విభాగం రోజుకు ఎన్ని టికెట్లు అమ్ముడవుతున్నాయో చెప్పాలి, ఆపరేటింగ్ విభాగం ఆ రైలు ఆగితే వెనక వచ్చే బండ్ల మీద ఏం ప్రభావం పడుతుందో చెప్పాలి. అదే దారిన నివేదిక తిరిగి పైకి ఎక్కాలి. ఒక్కో మెట్టు దగ్గర నాలుగైదు రోజులు పట్టినా నెల గడువు ఎప్పుడో దాటిపోతుంది. ఇక్కడ ఎవరూ నిర్లక్ష్యం చేయకపోవచ్చు. గడువు ఢిల్లీలో ఉంది, సమాచారం డివిజన్‌లో ఉంది. అందుకే మధ్యంతర జవాబు నియమం అంత విలువైనది, దాన్నే ఎక్కువగా వదిలేస్తారు. ‘నివేదిక కోరాం, ఫలానా నాటికి చెబుతాం’ అని రెండు వాక్యాలు రాస్తే ఎంపీకీ, ఆయన్ని అడుగుతున్న ఊరివాళ్ళకూ ఆ లేఖ బతికి ఉందని తెలుస్తుంది. హాల్టు ఇచ్చినప్పుడు రైల్వే చాలాసార్లు ప్రయోగాత్మకంగా అంటూ ఇస్తుంది, ఆ కాలం ముగిశాక కొనసాగింపు కోసం మళ్ళీ లేఖలు మొదలవుతాయి.

జాతీయ రహదారులు, ఓడరేవులు, విమానాశ్రయాల విషయంలో చిక్కు ఇంకోలా ఉంటుంది. భూసేకరణ రాష్ట్రం చేతిలో, నిర్మాణం కేంద్రం చేతిలో ఉంటాయి. కేంద్ర శాఖ రాష్ట్రానికి రాసి, రాష్ట్రం కలెక్టరుకు రాసి, అక్కడినుంచి ఆర్డీవోకూ తహసీల్దారుకూ చేరేసరికి అసలు లేఖలోని ప్రశ్న ‘తగు చర్య నిమిత్తం’ అనే మూడు మాటలుగా మిగులుతుంది. అలా దారిలో ప్రశ్నే అరిగిపోవడం ఆలస్యం కంటే పెద్ద నష్టం.

కొన్ని లేఖలకు అసలు జవాబు రాకపోవడమే సబబు. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తన నియమాలు, 1964లోని 20వ నియమం ప్రకారం ఉద్యోగి తన బదిలీ, పదోన్నతి వంటి సర్వీసు విషయాల్లో రాజకీయ పలుకుబడి వాడకూడదు. అలాంటి సిఫారసు లేఖ వస్తే శాఖ ఆ ఉద్యోగినే సంజాయిషీ అడగవచ్చు. మేలు చేద్దామని ఎంపీ రాసిన లేఖ ఉద్యోగికి కీడు తెచ్చే సందర్భం ఇది.

నిఘా, లెక్క, శిక్ష

2021 నుంచి ఏటా అక్టోబరు 2 - 31 మధ్య కేంద్ర ప్రభుత్వం పెండింగు విషయాల పరిష్కారానికి ప్రత్యేక ప్రచారం నడుపుతోంది. ఎంపీల లేఖలు, పార్లమెంటుకు ఇచ్చిన హామీలు, ప్రధానమంత్రి కార్యాలయం పంపిన లేఖలు, రాష్ట్ర ప్రభుత్వాల లేఖలు, ప్రజా ఫిర్యాదులు ఇందులో అంశాలు. పాత ఫైళ్ళ తొలగింపు, తుక్కు అమ్మకం, ఖాళీ అయిన స్థలం కూడా లెక్కలో ఉంటాయి, వార్తల్లో ఎక్కువగా కనిపించేవి అవే. ప్రచారం వల్ల ఏళ్ళ తరబడి కదలని లేఖలు కదులుతున్నాయి, అది నిజమైన మేలు. కానీ అక్టోబరులో ఎన్ని పరిష్కరించారన్న లెక్క, ఏడాది పొడవునా ఎన్నింటికి నెలలోగా జవాబిచ్చారన్న ప్రశ్నకు సమాధానం కాదు. బ్రిటన్ పట్టికలోని ఆ ఒక్క గడి, శాఖ పేరు ఎదుట గడువులోగా ఇచ్చిన జవాబుల శాతం, మన దేశంలో కూడా పార్లమెంటు ముందుకు రావాలి. నియమం మన దగ్గర వాళ్ళకంటే వివరంగానే ఉంది. రిజిస్టర్లలో వివరాలూ ఉన్నాయి. వాటిని బయటపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

సభలో ఇచ్చిన హామీలను చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. మంత్రి ‘పరిశీలిస్తాం’ అని సభలో అంటే అది హామీగా నమోదవుతుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే గడువు పొడిగింపు కోరాలి. దాన్ని వెంటాడటానికి లోక్‌సభలో 1953 నుంచే ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. అదే మాట అదే మంత్రి లేఖలో రాస్తే ఏ కమిటీ వెంటాడదు. 377వ నిబంధన కింద సభలో ప్రస్తావించిన విషయాలు ఈ రెండింటి మధ్య నిలుస్తాయి: జవాబు మంత్రి నుంచి సభ్యుడికి లేఖగా వస్తుంది, ప్రస్తావన మాత్రం సభా రికార్డులో ఉంటుంది. అధికారుల అమర్యాద, ప్రోటోకాల్ ఉల్లంఘన మీద సభ్యులు చేసే ఫిర్యాదులు చూడటానికి లోక్‌సభలో ప్రత్యేక కమిటీ ఏర్పడింది. లేఖకు జవాబివ్వకపోవడం కూడా ఆ ఫిర్యాదుల్లో భాగం కావచ్చు. అయితే ఆలస్యమైన ప్రతి లేఖనూ అక్కడికి తీసుకుపోవడం ఏ సభ్యుడి వల్లా కాదు.

సాధారణ పౌరుడి పరిస్థితితో పోల్చినప్పుడు ఇది మరింత విచిత్రంగా కనిపిస్తుంది. సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటల్లో రావాలి. కారణం లేకుండా ఆలస్యం చేస్తే అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా. కేంద్రీకృత ప్రజా ఫిర్యాదుల వ్యవస్థలో గడువు 60 రోజుల నుంచి 45కు, తరువాత 30కి, 2024 ఆగస్టులో 21 రోజులకు తగ్గింది. లక్షల మంది ఓటర్లకు ప్రతినిధి అయిన ఎంపీ లేఖకు మాత్రం గడువు ఉంది, జరిమానా లేదు. అందుచేత తన లేఖ ఏమైందో తెలుసుకోవడానికి సమాచార హక్కును వాడటం అసాధ్యమేమీ కాదు. ఫైలు మీద అధికారులు రాసుకున్న నోట్లు కూడా సమాచారమేనని కేంద్ర సమాచార కమిషన్ 2006లో తేల్చింది. ఎంపీ అడగకపోయినా, ఆ లేఖ ఎవరి కోసం రాశారో వారు అడగవచ్చు.

గడువు తనంతట తానే పనిచేసే లేఖలు

ఎంపీ లేఖల్లో ఒక రకానికి ఎప్పుడూ సకాలంలో జవాబు వస్తుంది. రైల్వే అత్యవసర కోటా కోసం ఎంపీ కార్యాలయం పంపే లేఖ చార్టు తయారయ్యేలోపు తేలిపోవాలి, తేలిపోతుంది. బండి బయలుదేరాక ఆ జవాబుకు విలువ లేదు కాబట్టి, వ్యవస్థ అంతా ఆ గంట చుట్టూ అమరింది. తిరుమల బ్రేక్ దర్శనం కోసం ప్రజాప్రతినిధులు ఇచ్చే సిఫారసు లేఖలదీ అదే తీరు, దర్శనం తేదీయే గడువు. తెలంగాణ ప్రజాప్రతినిధుల లేఖలను కూడా 2025 మార్చి నుంచి వారంలో నిర్ణీత రోజుల్లో స్వీకరించడం మొదలైంది. తెలుగు రాష్ట్రాల్లో ఎమ్మెల్యే లేఖ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. ఆసుపత్రి ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్‌వోసీ (ఖర్చు భరిస్తామన్న పత్రం) కోరుతూ రాసే లేఖ రెండోది, అక్కడ రోగి పరిస్థితే గడువు. ఇలాంటివాటిలో జవాబు వేగం చూసి వ్యవస్థ బాగుందనుకోవడం పొరపాటవుతుంది. ఇవి ముందే కేటాయించిన కోటాలోంచి ఇచ్చేవి, పరిశీలించి తేల్చవలసిన ప్రశ్నలు కావు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రతి ఎంపీ ఏటా 10 మంది పిల్లలను సిఫారసు చేసే ఏర్పాటు 2022లో రద్దయింది. సిఫారసు అధికారం పోతే ఎంపీ బలహీనపడతాడన్న వాదన అప్పుడు వినిపించింది. ఆ పది సీట్లకు వందలమంది తిరిగే తలనొప్పి తగ్గిందన్న సభ్యులూ ఉన్నారు.

ఎంపీ స్థానిక అభివృద్ధి నిధుల పథకం మరో పద్ధతి చూపుతుంది. పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు 1993 డిసెంబరు 23న ప్రకటించిన ఈ పథకంలో ఎంపీ లేఖ అభ్యర్థన కాదు, పని సిఫారసు. 2016 మార్గదర్శకాల ప్రకారం అర్హమైన పనిని జిల్లా యంత్రాంగం 75 రోజుల్లో మంజూరు చేయాల్సి ఉండేది, తిరస్కరిస్తే 45 రోజుల్లో చెప్పాల్సి ఉండేది. కాదన్న మాట అవునన్న మాట కంటే ముందే చెప్పాలన్న ఈ ఏర్పాటు మిగతా లేఖలకు కూడా వర్తిస్తే ప్రజలకు ఎంతో మేలు.

విదేశాల్లో తెలుగువారు వాడే దారి

అమెరికాలో ప్రతి కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయంలో నియోజకవర్గ కేసులు చూసే సిబ్బంది ఉంటారు. శాఖల్లో కాంగ్రెస్ వ్యవహారాలకే ప్రత్యేక విభాగాలున్నాయి. 1974 నాటి గోప్యత చట్టం వల్ల కేసు ఎవరిదో ఆ వ్యక్తి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వనిదే శాఖ వివరాలు చెప్పదు. 2019లో వచ్చిన చట్టం ఆ అనుమతిని ఆన్‌లైన్‌లో ఇచ్చే వీలు కల్పించమని శాఖలను ఆదేశించింది. హెచ్-1బీ పొడిగింపు, గ్రీన్‌కార్డు, జీవిత భాగస్వామి పని అనుమతి కోసం ఎదురుచూసే తెలుగు కుటుంబాలకు ఈ దారి బాగా పరిచయం. ఓటు హక్కు లేనివారి కేసు కూడా నియోజకవర్గ నివాసిగా ఆ కార్యాలయం చూస్తుంది. కేసు వరస దాటి ముందుకు పోదు, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. కెనడాలో సభకు సమర్పించిన పిటిషన్‌కు ప్రభుత్వం 45 రోజుల్లో స్పందించకపోతే ఆ విషయం సభా కమిటీకి వెళ్తుంది. ఎంపీ రాసే మామూలు లేఖకు అక్కడ కూడా అలాంటి ఏర్పాటు లేదు.

తెలుగు జిల్లాల్లో

ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది లోక్‌సభ సభ్యులున్నారు. శాసనసభల్లో 175, 119 మంది. వీరి లేఖల్లో అత్యధిక భాగం ఢిల్లీకి కాక కలెక్టరేట్లకూ, సచివాలయాలకూ వెళ్తుంది. కోస్తా, రాయలసీమ జిల్లాల కార్యాలయాలకు పూర్వపు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి టాటెన్‌హామ్ పద్ధతి సంక్రమించింది. వచ్చిన ప్రతి తపాలుకూ కరెంట్ నంబరు పడుతుంది, గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో ఎక్కుతుంది. ముగిసిన ఫైలుకు దాన్ని ఎన్నాళ్ళు దాచాలో చెప్పే గుర్తు వేస్తారు: ఎల్.డిస్ అయితే ఏడాది, కె.డిస్ మూడేళ్ళు, డి.డిస్ పదేళ్ళు, ఆర్.డిస్ శాశ్వతం. ఏ లేఖా పోకుండా చూసేందుకు ఇది గట్టి పద్ధతి. అయితే గుమాస్తా రిజిస్టరులో ‘ముగిసింది’ అనిపించుకోవడానికి జవాబే అక్కర్లేదు, కింది కార్యాలయానికి ఎండార్స్‌మెంట్ పంపినా ఆ కరెంట్ ముగిసిపోవచ్చు. జిల్లా పరిషత్ సమావేశంలో సభ్యులు ‘మా లేఖ ఏమైంది’ అని అడిగినప్పుడు అధికారి ‘తహసీల్దారుకు పంపాం’ అనడం వెనుక అబద్ధం లేదు. ఆయన రిజిస్టరు ప్రకారం పని పూర్తయింది.

తెలంగాణలో సోమవారం ప్రజావాణిలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీకి రసీదు నంబరు వస్తుంది. ఎమ్మెల్యే లేఖతో వెళ్ళిన అర్జీకి పలుకుబడి ఉంటుంది కానీ అన్నిసార్లూ రసీదు నంబరు ఉండదు. అనుభవమున్న పీఏలు అందుకే రెండూ చేస్తారు: లేఖ ఇచ్చి, అర్జీదారు చేత వేదికలో నమోదూ చేయిస్తారు.

పదిహేను రోజుల నియమం ఎంపీలనూ, రాష్ట్ర శాసనసభ్యులనూ దృష్టిలో పెట్టుకుని రాసింది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ స్థానం ఇచ్చినా, సర్పంచి లేఖ గురించి కేంద్ర కరదీపికలోని ఆ నియమంలో మాట లేదు. తాగునీటి ట్యాంకు, విద్యుత్ తీగ, శ్మశానానికి దారి వంటి విషయాల్లో మండల కార్యాలయానికో విద్యుత్ సంస్థకో ఆర్‌అండ్‌బీకో ముందుగా రాసేది సర్పంచే. జవాబు రాకపోతే అదే కాగితాన్ని పట్టుకుని ఆయన లేదా ఆమె ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తారు. ఎమ్మెల్యే కొత్త లేఖ రాస్తారు. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి కరెంట్ నంబరు పడుతుంది, గడువు ఆ రోజు నుంచే మొదలవుతుంది. సర్పంచి రాసిన తేదీ ఏ లెక్కలోకీ రాదు.